నరాల నొప్పికి వ్యాయామమా, లైట్ థెరపీయా, రెండూ కలిపా? ఎవరికి ఏది సరిపోతుంది

ముందే చెప్పేస్తాను: రెండింట్లో ఒక్కటే చేసే వీలుంటే వ్యాయామమే ఎంచుకోండి. లైట్ థెరపీ దానికి తోడుగా పనికొస్తుందేమో కానీ దాని బదులుగా పనికిరాదు. అలాగని ఈ మాట అందరికీ ఒకేలా వర్తించదు. నరాల నొప్పి అనేది ఒకే జబ్బు కాదు కదా. షుగర్ వల్ల అరికాళ్లలో వచ్చే మంట, నడుము దగ్గర నరం నొక్కుకుని పిరుదు నుంచి పిక్క దాకా లాగే సయాటికా, మణికట్టులో నరం నలిగి వేళ్లు తిమ్మిరెక్కే కార్పల్ టనెల్, కీమోథెరపీ అయిపోయాక వేళ్ల చివర్లలో మిగిలిపోయే మొద్దుబారినతనం, హెర్పిస్ జోస్టర్ (సర్పి) మానాక కూడా చర్మం మీద చొక్కా తగలనివ్వని మంట, అన్నిటినీ మనం నరాల నొప్పి అనే అంటాం. కారణాలు వేరు, కాబట్టి ఎంపిక కూడా వేరు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు కారణం. ఇది తెలియకుండా పరికరం కొనడం, జిమ్‌లో చేరడం రెండూ తొందరపాటే. విటమిన్ బి12 తక్కువైనా కాళ్లలో ఇదే మంట, ఇదే తిమ్మిరి వస్తాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. ఒక్క రక్తపరీక్షతో తేలిపోయే విషయానికి నెలల తరబడి ఎర్ర లైటు పెట్టుకు కూర్చోవడం అన్యాయం. థైరాయిడ్, మద్యం, కొన్ని మందులు కూడా ఇలాగే చేస్తాయి.

రెండోది స్పర్శ. నొప్పి ఉందంటే స్పర్శ కూడా ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. అలా ఏం కాదు. ఒకే పాదంలో మంట ఉంటూనే బొటనవేలి కింద మేకు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. డాక్టర్లు 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ తీగను అరికాలికి ఆనించి, అది కొద్దిగా వంగేదాకా నొక్కి, "తెలిసిందా?" అని అడుగుతారు. నిమిషం పట్టని పరీక్ష. దీని ఫలితాన్ని బట్టే మీరు ఏ వ్యాయామం చేయవచ్చు, వేడి పుట్టించే లైటు దగ్గరికి వెళ్లవచ్చా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

మూడోది, మిమ్మల్ని కదలనివ్వనిది ఏమిటి? నొప్పా, పడిపోతానన్న భయమా, నీరసమా, టైం లేకపోవడమా? నొప్పి అయితే లైట్ థెరపీకి ఒక చోటుంది. పడిపోతానన్న భయమైతే లైటు చేసేదేమీ లేదు, కావాల్సింది బ్యాలెన్స్ సాధన.

ఇంక ఆధారం ఎంత గట్టిది, ఆరు నెలలు విసుగు లేకుండా కొనసాగించగలమా, హాని ఏమైనా ఉందా అన్న మూడూ ఎలాగూ చూసుకోవాలి.

## ఏ లైటు గురించి మాట్లాడుతున్నాం

ఇక్కడ గందరగోళం ఎక్కువ. లైట్ థెరపీ అనే పేరుతో కనీసం నాలుగు వేర్వేరు వైద్యాలు ఉన్నాయి. డిప్రెషన్‌కి పొద్దున్నే 10,000 లక్స్ తెల్లటి లైటు ముందు కూర్చోబెట్టేది ఒకటి. సోరియాసిస్‌కి వాడే అల్ట్రావయొలెట్ ఒకటి. ఒళ్లునొప్పులకు కాపడంలా వాడే ఇన్‌ఫ్రారెడ్ హీట్ ల్యాంప్ ఇంకొకటి. నరాల నొప్పి విషయంలో చెప్పుకునేది ఈ మూడూ కాదు, ఫొటోబయోమాడ్యులేషన్ అనే నాలుగోది. తక్కువ శక్తి లేజర్ అని, కోల్డ్ లేజర్ అని, రెడ్ లైట్ అని పిలిచేదీ దీన్నే. వేడితో దీనికి సంబంధం లేదు. దాదాపు 600 నుంచి 1000 నానోమీటర్ల మధ్య ఉండే ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని తక్కువ మోతాదులో చర్మం మీద వేస్తారు.

దీని పుట్టుక 1967లో బుడాపెస్ట్‌లో. ఎండ్రె మెస్టెర్ అనే వైద్యుడు ఎలుకల వెంట్రుకలు గొరిగి లేజర్ వేస్తే ఆ చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. అక్కడి నుంచి పుండ్లకు, కీళ్లకు, నరాలకు పాకింది. కాంతిని కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పీల్చుకుంటుందని, దానివల్ల కణానికి ఇంధనమైన ఏటీపీ ఎక్కువ తయారవుతుందని, నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తనాళాలు కాస్త తెరుచుకుంటాయని, వాపు తగ్గుతుందని ఎక్కువమంది పరిశోధకులు చెప్పే వివరణ.

హీట్ ల్యాంప్‌ని దీంతో కలిపేసుకోవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి హీట్ ల్యాంప్ పెడితే చర్మం కాలిపోతున్నా తెలియదు, షుగర్ ఉన్నవాళ్లలో ఆ బొబ్బ పుండై నెలల తరబడి మానకపోవచ్చు. వేడి నీళ్ల బకెట్‌కీ, హీటింగ్ ప్యాడ్‌కీ ఇదే మాట.

## వ్యాయామం మాత్రమే

నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు నరం లోపలే ఉంటాయి. షుగర్‌లో ముందు దెబ్బతినేవాటిలో అవి కూడా ఉన్నాయి. కండరం పనిచేసినప్పుడు రక్తప్రసరణ పెరుగుతుంది, రక్తంలోని గ్లూకోజ్‌ని కండరం లాగేసుకుంటుంది, శరీరంలో వాపుని పెంచే రసాయనాలు తగ్గుతాయి, నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్లు పెరుగుతాయి, మెదడు తనంతట తానే నొప్పి సంకేతాలను కిందికి అణిచే వ్యవస్థ మెరుగవుతుంది. ఇన్ని పనులు ఒకేసారి చేసే మాత్ర లేదు.

ఆధారాలు కూడా మనుషుల మీదే ఉన్నాయి. 2006లో ఇటలీ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో ఇంకా నరాల జబ్బు రాని షుగర్ రోగుల్లో కొంతమందిని నాలుగేళ్లపాటు వారానికి నాలుగు గంటలు ట్రెడ్‌మిల్ మీద వేగంగా నడిపించారు. స్పర్శకు సంబంధించిన నరాల జబ్బు నడవనివాళ్లలో సుమారు 30 శాతం మందికి వస్తే, నడిచినవాళ్లలో సుమారు 6 శాతం మందికే వచ్చింది. ఇది నివారణ సంగతి. ఇప్పటికే జబ్బు ఉన్నవాళ్ల మీద 2012లో అమెరికాలో 17 మందితో పది వారాలు నడక లాంటి ఏరోబిక్ వ్యాయామం, బరువుల వ్యాయామం కలిపి చేయిస్తే నొప్పి తగ్గింది, చర్మం ముక్క తీసి చూస్తే నరాల పోగుల కొమ్మలు పెరిగాయి. చిన్న అధ్యయనం, పోల్చడానికి వ్యాయామం చేయని గుంపు కూడా లేదు, అయినా చర్మంలో కంటికి కనిపించిన మార్పు కాబట్టి నాకు ఇది చాలా విలువైనదిగా అనిపిస్తుంది.

ఎంత చేయాలి? వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో. దానికి తోడు వారంలో రెండు మూడు రోజులు బలం పెంచేవి, బ్యాలెన్స్ పెంచేవి. మొదటి వారమే 150 చేయాలని ఎవరూ అనరు. పూట పూటకీ పది నిమిషాలు చాలు మొదలుకి.

కష్టం ఎక్కడంటే, మొదటి రెండు మూడు వారాలు నొప్పి కాస్త పెరగవచ్చు, చాలామంది అక్కడే మానేస్తారు. నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకోండి. వ్యాయామం వల్ల రెండు మార్కుల లోపు పెరిగి మర్నాటి పొద్దుటికి మామూలైపోతే భయం లేదు, కొనసాగించవచ్చు. మర్నాడు కూడా అలాగే ఉంటే మానేయకండి, సగానికి తగ్గించండి.

స్పర్శ లేని పాదాలతో నడిస్తే పుండ్లు పడతాయని ఒకప్పుడు నడకే వద్దనేవారు. 2008లో ప్రచురితమైన ఒక ట్రయల్‌లో జాగ్రత్తలు నేర్పి నడిపించినవాళ్లలో పుండ్లు గణనీయంగా పెరగలేదు. జాగ్రత్తలంటే సరిపోయే బూట్లు, కుట్లు గుచ్చుకోని సాక్సులు, వేసుకునే ముందు బూట్లో చెయ్యిపెట్టి తడిమి చూడటం, నడక అయ్యాక పాదాలు పరీక్షించుకోవడం. ఇప్పటికే పుండు ఉంటే మాత్రం నడక ఆపి కుర్చీలో కూర్చుని చేసేవి చేయాలి, ఈత కూడా వద్దు.

## లైట్ థెరపీ మాత్రమే

ఇందులో ఆకర్షణ ఏమిటో నాకు అర్థమవుతుంది. నొప్పి లేదు, చెమట లేదు, కూర్చుని పెట్టుకుంటే చాలు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి చిన్న ట్రయల్స్ ఎక్కువ, ఒక్కోదానిలో ఒక్కో తరంగదైర్ఘ్యం, ఒక్కో మోతాదు, కొన్నింటిలో నొప్పి తగ్గింది, కొన్నింటిలో తేడా లేదు.

ఇల్లు కదలకుండా వాడే పరికరం కొనే ముందు ఒక ట్రయల్ గురించి తప్పకుండా తెలుసుకోవాలి. 2008లో వచ్చింది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన 69 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఇచ్చే అసలు ప్యాడ్లు, ఇంకో గుంపుకి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి ప్యాడ్లు. రోజూ 40 నిమిషాలు, 90 రోజులు, ఇంట్లోనే. చివరికి స్పర్శలో గానీ, నరాల్లో సంకేతాలు ప్రయాణించే వేగంలో గానీ, జీవన నాణ్యతలో గానీ రెండు గుంపుల మధ్య తేడా తేలలేదు. కార్పల్ టనెల్‌కి లేజర్ మీద 2017లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి తూచి చూసేది) కూడా ఉన్న ఆధారాల నాణ్యత చాలా తక్కువని తేల్చింది.

అంటే లైటు పనిచేయదని కాదు. ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దని. ముఖ్యంగా "పోయిన స్పర్శ తిరిగొస్తుంది" అని ఎవరైనా హామీ ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

హాని మాత్రం తక్కువే, సరిగ్గా వాడితే. లేజర్ అయితే కళ్లద్దాలు తప్పనిసరి. 850 నానోమీటర్ల ఎల్‌ఈడీ కంటికి మసక ఎరుపుగా కనిపిస్తుంది, ఇంకా పైకి వెళ్తే అసలు కనిపించదు, దాంతో "లైటు వెలగట్లేదేంటి" అని దగ్గరగా పెట్టుకుని చూసేవాళ్లున్నారు. వెలుగు కనిపించదు కాబట్టి కన్ను తనంతట తాను మూసుకోదు, ప్రమాదం అక్కడే. క్యాన్సర్ గడ్డ ఉన్న చోట, గర్భిణుల పొట్ట మీద వేయకూడదు. కాంతికి చర్మం కందిపోయేలా చేసే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగాలి.

## రెండూ కలిపి

ఆలోచన సులువే. లైటు నొప్పిని కాస్త తగ్గించి కదలడానికి దారి ఇస్తుంది, ఆ కదలిక అసలు పని చేస్తుంది. సయాటిక్ నరాన్ని గాయపరిచిన ఎలుకల్లో రెండింటినీ కలిపి చూసిన ప్రయోగాలున్నాయి. మనుషుల్లో నరాల నొప్పి మీద కలిపి చేసిన పెద్ద ట్రయల్స్ లేవు కాబట్టి, రెండూ కలిపితే రెట్టింపు ఫలితం అనే ప్రకటనల మాట నమ్మకండి.

అయినా కొంతమందికి నేను కలిపి చేయమనే చెబుతాను. నిలబడితేనే అరికాళ్లు భగ్గుమనేవాళ్లు, నొప్పికి భయపడి మంచం దిగనివాళ్లు, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి ఎలాగూ వెళ్తున్నవాళ్లు. వీళ్లకి సెషన్‌లో ముందు లైటు, ఆ వెంటనే వ్యాయామం. కండరాల అలసట మీద జరిగిన పరిశోధనల్లోనూ లైటుని వ్యాయామానికి ముందే ఎక్కువగా వాడారు, పైగా నొప్పి కాస్త తగ్గిన సమయాన్ని సోఫాలో పోగొట్టుకోకుండా నడకకి వాడుకోవచ్చు.

కలపడంలో ఉన్న నష్టం కూడా చెప్పాలి. రోజుకి ఇరవై నిమిషాల టైం మాత్రమే ఉన్నవాళ్లు పదిహేను నిమిషాలు లైటుకి ఇచ్చి ఐదు నిమిషాలు నడిస్తే, బలమైనదాన్ని తగ్గించి బలహీనమైనదాన్ని పెంచినట్టే.

| చూడాల్సింది | వ్యాయామం | లైటు | రెండూ |
|---|---|---|---|
| మనుషుల్లో ఆధారం | బాగానే ఉంది, షుగర్ వల్ల వచ్చినదానికి ముఖ్యంగా | మిశ్రమం, చిన్న ట్రయల్స్ | చాలా తక్కువ |
| మూలకారణం మీద పని | షుగర్, బరువు, రక్తప్రసరణ మీద ఉంది | ఉందని రుజువు కాలేదు | వ్యాయామం వల్లే |
| మొదటి వారాల్లో సుఖం | తక్కువ, నొప్పి పెరగవచ్చు | కొందరికి ఉంటుంది | మధ్యస్థం |
| పడిపోయే ప్రమాదం తగ్గడం | బ్యాలెన్స్ సాధన చేస్తే తగ్గుతుంది | లేదు | వ్యాయామం వల్లే |
| ప్రధాన ప్రమాదం | పడిపోవడం, షుగర్ పడిపోవడం, పాదాల పుండు | కళ్లు, పరికరం వేడెక్కితే కాలడం | రెండూ చూసుకోవాలి |
| ఖర్చు | బూట్లు తప్ప పెద్దగా లేదు | పరికరం లేదా సెషన్లు | ఎక్కువ |

## మీ పరిస్థితి ఇదైతే

షుగర్ వల్ల పాదాల మంట. వ్యాయామం, అనుమానం లేదు. ఇన్సులిన్ గానీ, సల్ఫోనైల్‌యూరియా మాత్రలు గానీ వాడుతుంటే మొదలుపెట్టే ముందు షుగర్ చూసుకోండి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి 90 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే ముందు ఏదైనా తినాలి. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, కూర్చున్నా గుండె వేగంగా కొట్టుకోవడం ఉంటే గుండెకి సంబంధించిన నరాలు కూడా దెబ్బతిని ఉండవచ్చు, డాక్టర్ చూడకుండా వేగంగా నడవొద్దు. లైటు మీ ఇష్టం.

సయాటికా. చిన్న చిన్న నడకలు, ఫిజియోథెరపిస్ట్ చూపించిన వ్యాయామాలు. నరాన్ని మెల్లగా జార్చే సాగతీతలు ఉంటాయి, వాటిని బలంగా లాగితే నొప్పి ముదురుతుంది. నొప్పి పిక్కలోంచి పైకి, నడుము వైపుకి జరుగుతుంటే మంచి గుర్తు, కిందికి దిగుతుంటే ఆ వ్యాయామం మీకు పనికిరాదు.

కార్పల్ టనెల్. ఇక్కడ రెండింటికన్నా ముందు రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ. బొటనవేలి కింద కండ పలచబడుతుంటే ఇంట్లో ప్రయోగాలు మాని సర్జన్‌కి చూపించండి.

కీమో తర్వాత. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2020 మార్గదర్శకాల్లో ఈ నొప్పికి సిఫారసు చేసిన మందు డులోక్సెటిన్ ఒక్కటే. వ్యాయామం మీద ఆశాజనకమైన ట్రయల్స్ ఉన్నాయి, నీరసానికి కూడా మేలు కాబట్టి నేనైతే నడక, తేలిక రబ్బర్ బ్యాండ్లతో మొదలుపెట్టమంటాను. లైటు మీ క్యాన్సర్ డాక్టర్ (ఆంకాలజిస్ట్) ఒప్పుకుంటేనే.

హెర్పిస్ జోస్టర్ తర్వాత మిగిలిన మంట. మందులు, పూత మందులే ముందు. వ్యాయామం నిద్రకి, మనసుకి సాయం చేస్తుంది గానీ ఆ చర్మం మీది మంటని నేరుగా తగ్గిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. లైటు ప్రయత్నించాలనుకుంటే ఈ ఐదు రకాలవాళ్లలో ఎక్కువ కారణం ఉన్నది వీళ్లకే, ఎందుకంటే చోటు చిన్నది, చర్మానికి దగ్గర.

## లైటు తీసుకోవాలనుకుంటే లెక్క ఇలా

పెట్టె మీద వాట్లు చూసి కొనకండి. మూడు సంగతులు అడగండి: తరంగదైర్ఘ్యం ఎంత, చర్మం దగ్గర చదరపు సెంటీమీటరుకి ఎన్ని మిల్లీవాట్లు, ఎన్ని సెకన్లు. ఉదాహరణకి చదరపు సెంటీమీటరుకి 50 మిల్లీవాట్లు వచ్చే ప్యాడ్‌ని 120 సెకన్లు పెడితే 50ని 120తో గుణించి వెయ్యితో భాగించాలి, చదరపు సెంటీమీటరుకి 6 జౌళ్లు, అదే మోతాదు. ఈ మూడూ చెప్పలేని కంపెనీ దగ్గర కొనకపోవడమే మంచిది. మోతాదు ఎక్కువైతే ఫలితం పెరగదు, ఒక హద్దు దాటాక తగ్గిపోతుంది, కాబట్టి పది నిమిషాలు చెబితే అరగంట పెట్టుకోవడం వల్ల లాభం లేదు.

పెన్నులా ఉండే లేజర్లు చిన్న చోటుకే సరిపోతాయి. ఒక్కసారి ఒక చదరపు సెంటీమీటరు, ఒక్కో చోట రెండు నిమిషాలు అనుకుంటే, వంద చదరపు సెంటీమీటర్ల అరికాలికి మూడు గంటలు దాటుతుంది. మణికట్టుకైతే సరే, పాదాలకైతే ప్యాడ్ లాంటిదే వాడగలరు. ప్యానెల్ అయితే దూరం జరిగేకొద్దీ అందే మోతాదు తగ్గుతుంది. 500 మిల్లీవాట్లు దాటిన క్లాస్ 4 లేజర్లు చర్మాన్ని కాల్చగలవు, అవి శిక్షణ ఉన్నవాళ్ల చేతిలోనే ఉండాలి.

## పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం

రెండూ ఒకే రోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ముందు నాలుగు నుంచి ఆరు వారాలు వ్యాయామం మాత్రమే. రోజూ రాత్రి ఒక చిన్న పుస్తకంలో నొప్పి మార్కు, నిద్రలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఆ రోజు ఎంతసేపు నడిచారు అని మూడు ముక్కలు రాయండి. తర్వాత లైటు కలపండి, ఇంకో నాలుగు వారాలు రాయండి. సగటు నొప్పి మూడో వంతు అయినా తగ్గితే అది మనిషికి తెలిసే తేడా. లైటు కలిపాక నొప్పి మార్కుతో పాటు నడక నిమిషాలు కూడా కదలకపోతే దాన్ని ఆపేయండి, బాధపడాల్సిందేమీ లేదు. వ్యాయామం మాత్రం ఆపకండి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్ లాంటి మందులు వాడుతుంటే కాస్త బాగుందని వాటిని సొంతంగా ఒక్కసారిగా మానేయవద్దు, తగ్గించడం డాక్టర్ చెప్పినట్టు మెల్లగా జరగాలి.

ఈ పుస్తకం, లైటూ నడకా అన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూత్రం, మలం మీద పట్టు తప్పడం, తొడల మధ్య కూర్చునే భాగం మొద్దుబారడం, పాదం పైకి లేవకుండా వేలాడటం, బలహీనత గంటల్లోనో రోజుల్లోనో కాళ్ల నుంచి పైకి పాకడం, ఒక పక్క చెయ్యీ కాలూ ఒక్కసారిగా మొద్దుబారడం. ఇవి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. పాదం మీద పుండు, ఎర్రగా వాచి వెచ్చగా ఉండటం కనిపిస్తే నొప్పి లేకపోయినా అదే రోజు చూపించండి.